అంతా బాగుండాదనే ఇల్లు

రాజేంద్ర ఇంట్లో ఉదయపు పనులు చప్పుడు లేకుండా జరుగుతాయి. గుంతకల్లులో రైళ్ళు నడిపేవారి ఇళ్ళలో పగటిపూట నిద్రపోయే మనిషి ఒకరు తప్పక ఉంటారు గనక, మిగిలినవారు మాటను, అడుగును, గిన్నెను అదుపులో ఉంచుకోవడం నేర్చుకుంటారు. నిరుటి వరకు ఆ ఇంట్లో అలా నిద్రపోయిన మనిషి రాజేంద్ర. గూడ్సు బండ్లతో మొదలుపెట్టి ప్రయాణికుల బండ్ల దాకా నడిపి, డ్రైవరుగా పదవీ విరమణ చేశాడు. ఇప్పుడు ఆ గదిలో నిద్రపోతున్నది అతని కూతురు పద్మప్రియ. ఆమె గూడ్సు బండ్లలో అసిస్టెంటు డ్రైవరుగా చేరి ఏడాది కాలేదు.

వంటింట్లో సునంద ఉగ్గాని కోసం బొరుగులు తడిపి పిండుతోంది. రాజేంద్ర ఆమె పక్కనే పీట వేసుకుని, పొడికని వేయించిన చెనక్కాయ విత్తనాల పొట్టు తీస్తున్నాడు.

"పొట్టు తీసేది ఒకటి, నోట్లో ఏసుకొనేది రెండు. ఇట్లయితే పొడి యాడ మిగుల్తాది?" గొంతు తగ్గించి మందలించింది సునంద.

"బండి కదిలించేముందు బ్రేకు చూసుకోవల్లా, వద్దా? ఇదీ అట్లే."

"బ్రేకు ఒకసారి చూస్తారు. నువ్వు కడుపుకు తింటాండావు."

రాజేంద్ర నవ్వును మింగుకున్నాడు. పక్క గదిలో పిల్ల నిద్ర చెడుతుందని.

ఆ ఇంట్లో ఒక నియమం ఉంది. డ్యూటీకి వెళ్ళబోయే మనిషి చెవిన చెడ్డమాట వేయకూడదు. సునంద కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఇరుగుపొరుగు డ్రైవర్ల భార్యలు వంట నేర్పినంత శ్రద్ధగా ఆమెకు దాన్ని నేర్పారు. ఇంజనులో కూర్చున్నవాడి మనసు ఇంటివైపు తిరిగితే వెనక పెట్టెల్లో ఉన్నవారి గతి ఏమిటన్నది వారి వాదం. కాదనడానికి వీల్లేని వాదం. అందుకే బిడ్డకు జ్వరం వచ్చినా, వానకు మిద్దె కురిసినా, బంధువుల్లో ఎవరైనా కన్నుమూసినా, "ఇంట్లో ఎట్లుండాది?" అని భర్త అడిగితే సునంద ఇచ్చిన జవాబు ఒక్కటే. "అంతా బాగుండాది. నువ్వు పో." అతను బండి దిగి, స్నానం చేసి, తిని, నిద్ర లేచిన తరువాతే అసలు సంగతి అతని ముందుకు వచ్చేది.

ఉగ్గానికి తాలింపు పడుతుండగా ఫోను మోగింది. శింగనమలలో ఉండే రాజేంద్ర చెల్లెలు అరుణజ్యోతి. రాజేంద్ర తల్లి హనుమంతమ్మ గృహప్రవేశానికని కూతురి ఇంటికి వెళ్ళి, కొన్నాళ్ళుగా అక్కడే ఉంది. సునంద ఫోను పట్టుకుని పెరట్లో బట్టలుతికే బండ దగ్గరికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి ఆమె ముఖం పాలిపోయి ఉంది. ముందుగా పద్మప్రియ గది తలుపు మూసి ఉందో లేదో చూసి, అప్పుడు నోరు విప్పింది.

"అత్త పొద్దున లేస్తానే పడిపోయిందంట. నోరు వంకర పోయింది. ఎడమ చెయ్యి, కాలు ఆడడంల్యా. అనంతపురం ఆసుపత్రికి తెచ్చినారు. పానానికి ఇప్పటికైతే భయం లేదన్యారంట గానీ, రేపటిదాకా ఏమీ చెప్పలేమన్యారంట."

రాజేంద్ర చేతిలోని విత్తనాలు మెల్లగా పళ్ళెంలోకి జారాయి. "ప్రియను లేపు," అన్నాడు.

"యాలకి?"

"ముగ్గురమూ పోదాం."

"దానికి కాల్ వచ్చింది. రొంతసేపటికి లాబీకి పోవల్ల. మనిద్దరం పోదాం. అది డ్యూటీ చేసుకొని వచ్చినంక చెప్తాం."

ఫలానా బండికి రమ్మని సిబ్బందికి వచ్చే పిలుపే కాల్. స్టేషనులో వారు హాజరు వేసుకునే చోటు లాబీ. ఆ రెండు మాటలు వినబడ్డాక ఆ ఇంట్లో మూడో మాటకు చోటుండదని రాజేంద్రకు తెలుసు. అయినా అన్నాడు.

"దాన్ని పెంచింది మాయమ్మ. రేపటికి ఏమన్నా అయితే?"

"అయితే ఆ పాపం నాది. బండి మీద వద్దు. నీకెన్నడన్నా చెప్పిన్నా? నీ బండి ఒక్కనాడన్నా దావ తప్పిందా?"

తప్పలేదు. ఉద్యోగకాలమంతా ఆ నియమం నీడలోనే అతను అన్నం తిన్నాడు. ఇప్పుడు దాన్ని తప్పు పట్టడం కృతఘ్నత అనిపించింది.

"ఇంగోటి చూడు," అంది సునంద. "అది ఆడపిల్ల. కొత్తది. ఈపొద్దు రానంటే లాబీలో నాలుగు నోర్లు లేస్తాయి. ఆడోళ్ళకు ఇంజను యాలకి ఇచ్చినారు అంటారు. ఆ మాటలు నీ చెవులతో నువ్వే విన్యావు గదా?"

విన్నాడు. విని, ఒకప్పుడు నవ్వి ఊరుకున్నాడు కూడా.

గది తలుపు తెరుచుకుంది. పద్మప్రియ ముఖం కడుక్కుని, జడ బిగించి, యూనిఫారంతో వచ్చి వంటింటి గడప దగ్గర చతికిలబడింది.

"ఏమ్మా, బజ్జి ల్యా? ఉగ్గాని ఒక్కటే పెడితే పెండ్లికొడుకు రాని పెండ్లి మాదిరి ఉంటాది."

"పెండ్లి అనే మాట నీ నోట్లో వచ్చిందే, అది చాలు. తిను," అంది సునంద. ఆమె గొంతులో ఎక్కడా తడబాటు లేదు. ఏళ్ళ తరబడి సాధన చేసిన గొంతు అది.

"తింటా. ముందు అవ్వకు ఫోను చేస్తా."

డ్యూటీకి వెళ్ళే ప్రతిసారీ పద్మప్రియ అవ్వతో మాట్లాడుతుంది. దావ మీదనే కన్ను పెట్టు, పక్కనోడు నిద్రపోతే గిల్లు అని అవ్వ చెబుతుంది. అసిస్టెంటు ఉద్యోగమంటే డ్రైవరును గిల్లడమేనని హనుమంతమ్మ నమ్మకం.

"అవ్వ నిద్రపోతాంది," అంది సునంద.

"ఈ పొద్దుకాడా? అవ్వ కోడిని లేపే మనిషి గదమ్మా?"

"చుట్టాలు, వంటలు... అలిసిపోయింది. అంతా బాగుండాది, నువ్వు తిను."

పద్మప్రియ చేయి పళ్ళెంలోనే ఆగింది. తల్లి ముఖంలోకి కొంతసేపు చూసి, తండ్రివైపు తిరిగింది.

"నాయనా, అవ్వ బాగుండాదా?"

రాజేంద్ర అవుననడానికే నోరు తెరిచాడు. అయితే ఆ ప్రశ్న అడిగిన తీరు అతనికి బాగా తెలుసు. అడిగేవారికి జవాబు ముందే తెలుసు, అది అబద్ధమవుతుందనీ తెలుసు, అయినా అడుగుతారు. అదే గడప దగ్గర, బూట్లు తొడుక్కుంటూ, తాను ఎన్నిసార్లు అలా అడిగాడో అతనికి గుర్తుకు వచ్చింది.

"లేదమ్మా. బాగల్యా," అన్నాడు. తరువాత ఉన్నదున్నట్టు అంతా చెప్పాడు.

సునంద పొయ్యి ఆర్పివేసింది. ఆ ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడవలసిన అవసరం అప్పటితో తీరిపోయింది.

"ఏం మనిషివయ్యా నువ్వు! బిడ్డ ఇంజను ఎక్కబోతాంటే చెప్పే మాటనా ఇది? వెనకాల గార్డు ఉంటాడు. గేట్ల కాడ జనం ఉంటారు. ఎదురుగా ప్యాసింజరు బండ్లొస్తాయి. వాళ్ళు మనుషులు గాదా నీకు?"

"మనుషులని తెలిసే చెప్పినా."

"తెలిసినోడు చెప్పే మాటేనా?"

"మా నాయన పోయిన రోజు నీకు గుర్తుండాదా సునందా?"

ఆమెకు గుర్తుండకపోవడమా! మామ అంజినప్ప పోయిన రోజున రాజేంద్ర రేణిగుంట నుంచి బండి తెస్తున్నాడు. మధ్యలో బండి ఆగినప్పుడు ఇంటికి ఫోను చేసి, నాయన ఎట్లున్నాడని అడిగాడు. గంజి తాగి పడుకున్నాడని సునంద చెప్పింది. బండిని క్షేమంగా చేర్చి ఇంటికి వచ్చేసరికి వీధిలో షామియానా వేసి ఉంది. సునంద గుండె దిటవును బంధువులందరూ మెచ్చుకున్నారు. రాజేంద్ర కూడా ఆమెకు చేతులు జోడించాడు.

"ఆ మాట చెప్పేటప్పుడు నా చెయ్యి యాడ ఉండెనో తెల్సునా నీకు?" అంది సునంద. "మామ కాండ్ల మీద ఉండె. అవి అప్పటికే సల్లబడినాయి. ఒక చేత్తో ఆ కాండ్లు పట్టుకొని, ఇంగో చేత్తో ఫోను పట్టుకొని, గంజి తాగినాడని చెప్పినా. సుఖపడి చెప్పినాననుకొన్యావా?"

"అనుకోల్యా. ఆ రోజు నువ్వు చేసింది తప్పని ఇప్పటికీ అనను. సగం దావలో ఉంటి. బండి ఇడ్సిపెట్టి రాలేను, తెలిసినా నేను చేసేది ఏమీ ల్యా. గానీ ఆ తర్వాత నువ్వు బాగుండాది అంటే ఆ మాట నాకు ఎక్కల్యా. ఎవరికేమైందో అనుకుంటానే బండెక్కినా. నీ గొంతు రొంత బొంగురుపోతే, ప్రియకు ఏమన్నా అయిందేమోనని స్టేషను స్టేషనుకూ అదే ఆలోచన. నిజంగా బాగున్న రోజుల్లో గూడా నేను నమ్మల్యా. నా మనసు నిలకడగా ఉండల్లని నువ్వు దాస్తివి. దాస్తావని తెలిసినంక నా మనసు ఒక్కనాడు గూడా నిలబడల్యా."

సునంద నిర్ఘాంతపోయి చూసింది. "ఇన్నేండ్లు నాకు చెప్పకపోతివే!"

"చెప్తే బాధపడ్తావని."

"ఓహో! అయితే నువ్వు దాస్తే మంచితనం, నేను దాస్తే తప్పు!"

ఆ మాటకు రాజేంద్ర తల వంచుకున్నాడు. కన్నీళ్ళ మధ్యనే పద్మప్రియకు నవ్వు లాంటిది ఒకటి వచ్చి పోయింది.

"మీరిద్దరూ రొంత గమ్మునుండండి," అంది. చేయి కడుక్కుని వచ్చి తల్లి ఎదుట కూర్చుంది. "అమ్మా, జనం గురించి నువ్వనింది నిజమే. నాయన అనింది గూడా నిజమే. గానీ నేను బండెక్కల్లా వద్దా అనేది మీరిద్దరే తీర్మానం చేస్తాండారు. లాబీలో మేము తాగినామేమోనని యంత్రంలో ఊదిపిస్తారు. సరిగ్గా నిద్రపోయినామా అని అడుగుతారు. మనసు బాగుండాదా లేదా చూసేదానికి మాత్రం వాళ్ళ దగ్గర ఏ యంత్రమూ ల్యా. అది చెప్పాల్సింది నేను. డ్యూటీకి సరిపోతానని నేను సంతకం పెట్టల్ల. నాకు తెలియకుండా ఉంటే ఆ సంతకం నాదెట్ల అయితాది?"

"చెప్తే నువ్వు పోలేవు గదమ్మా," అంది సునంద నిస్సహాయంగా.

"పోతానో పోలేనో చూద్దాం ఉండు."

పద్మప్రియ మేనత్త అరుణజ్యోతికి ఫోను చేసింది. అవ్వకు స్పృహ ఉందనీ, మాట ముద్దగా వస్తోందనీ, తన పేరు రెండుసార్లు తలచుకుందనీ విన్నది. ఫోను పెట్టేసి గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఆమె నిజంగానే తూచుకుంటోంది. వెళ్ళగలిగితే వెళ్ళాలనే ఆమె కోరిక. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఒక్క కాల్ తప్పించుకోలేదన్నది ఆమె గర్వం. తల్లి చెప్పిన నాలుగు నోళ్ళ సంగతి తల్లికంటే ఆమెకే బాగా తెలుసు. తల్లిదండ్రులిద్దరూ ఊపిరి బిగబట్టి ఆమెనే చూస్తున్నారు.

"వల్లగాదు," అంది చివరకు. "డ్రైవరు బాలప్ప సార్ పక్కన కూర్చొని ప్రతి సిగ్నలూ చూసి గట్టిగా చెప్పల్ల. నేను చెప్తే ఆయన మళ్ళ చెప్తాడు. ఈపొద్దు నాకు సిగ్నలు కనపడదు. అవ్వ మొగమే కనపడ్తాది."

ఆమె లాబీకి ఫోను చేసింది. అక్కడ సిబ్బందిని బండ్లకు కేటాయించే ఓబిలేష్ గొంతు గదిలో అందరికీ వినిపించింది.

"ఇప్పుడు చెప్తే ఎట్లమ్మా? బండి రెడీగా ఉండాది. ఇందుకే ఆడపిల్లలకు..."

"సార్, ఆడదాన్నని రాననడంల్యా. మా అవ్వకు పక్షవాతం వచ్చింది. నా మనసు బాగల్యా. ఈ మనసుతో ఎక్కితే తప్పు జరుగుతాదేమోనని చెప్తాండా. లీవు రాసుకోండి. నాకేమన్నా నోటీసు ఇవ్వాల్సి ఉంటే ఇయ్యండి."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు.

"స్పేర్‌లో దాసప్ప ఉండాడు. పంపిస్తాలే," అన్నాడు ఓబిలేష్. మళ్ళీ, ఈసారి వేరే గొంతుతో, "చెప్పింది మంచిదే అయింది. అవ్వ ఎట్లుండాదో రేపు చెప్పమ్మా," అన్నాడు.

సునంద పొయ్యి గట్టు పట్టుకుని నిలబడి ఉంది. "అయితే నా బతుకంతా నేను తప్పే చేసినట్లా?" అని ఎవరినీ అడగనట్టు అడిగింది.

రాజేంద్ర లేచి ఆమె దగ్గరికి వెళ్ళాడు. "సగం దావలో ఉన్నోనికి చెప్పకపోయేది వేరు, గడప దాటనోనికి చెప్పకపోయేది వేరు. రెండింటినీ ఒకటే చేసుకొన్యాం. నువ్వొక్కదానివే గాదు, మనం."

*

అనంతపురం వెళ్ళే బండిలో చోటు దొరికింది. పద్మప్రియ కాసేపు కిటికీలోంచి చూసి, తల్లి ఒళ్ళో తలపెట్టి నిద్రపోయింది. ఇరువైపులా ఎర్రమట్టి నేలలు, వానకు ఎదురుచూస్తున్న దుక్కులు. ఎక్కడో ముందర ఇంజను కూత వేసింది.

"ఈ బండి నడిపేటోనికి ఇంట్లో ఏం చెప్పి పంపించినారో," అంది సునంద.

రాజేంద్ర ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె వేళాకోళానికి అనలేదు.

"ఇంగా ఏమేమి దాచినావు నా దగ్గర?" అని అడిగాడు. అతని గొంతులో నిష్ఠూరం లేదు.

"లేచినంక అన్నీ చెప్తానే ఉంటి గదా."

"అన్నీనా?"

బండి పెన్నేటి వంతెన మీదికి వచ్చింది. కింద ఇసుక తప్ప ఏమీ లేదు. వంతెన దాటాక సునంద చెప్పింది.

"ఒకటి చెప్పల్యా. ప్రియకు రెండేండ్లప్పుడు ఇంగొక కడుపు నిలిచింది. నీకు చెప్దామనుకొనే లోపలే పాయె. నువ్వు బండి మీద ఉంటివి. అత్తే ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయింది."

"నేను వచ్చినంకైనా చెప్పింటే..." అన్నాడు రాజేంద్ర.

"చెప్దామనే అనుకొన్యా. నువ్వొచ్చి తిని పండుకొంటివి. లేస్తానే మళ్ళ కాల్ వచ్చె. ఆ సారి వచ్చినంక చెప్దామంటే ఇంగో కాల్. అట్లే దాటిపోయింది. తర్వాత చెప్తే, ఇన్నాళ్ళు యాల చెప్పల్యా అంటావని."

"ఆ పొద్దు నేనేం చేసినా?"

"కూర బాగుండాది అన్యావు. అత్త చేసింది అది. నాకు లేసేదానికి శక్తి ల్యాక."

రాజేంద్ర పైకండువాతో ముఖం కప్పుకున్నాడు. ఎదుటి సీటులో ఉన్న ముసలాయన ఎండకనుకుని కిటికీ తలుపు దించబోయాడు. సునంద వద్దని సైగ చేసి, నిద్రపోతున్న కూతురు కదలకుండా ఒక చేయి చాపి భర్త వీపు మీద ఉంచింది.

"ఇన్నేండ్లు ఒక్కదానివే మోసినావే," అన్నాడు అతను కండువా లోంచి.

"ఒక్కదాన్ని గాదు. అత్త ఉండె."

*

ఆసుపత్రి వరండాలో అరుణజ్యోతి ఎదురొచ్చి వదిన చేతులు పట్టుకుంది. "వదినా, అమ్మకు బీపీ ఎక్కువైందని చెప్పినాం అంతే. పక్షవాతం అనే మాట ఎత్తొద్దు. దిగులు పెట్టుకుంటాది."

సునంద సరేనన్నట్టు తల ఊపింది. అలవాటుగా ఊపింది.

హనుమంతమ్మ మంచం మీద కిటికీవైపు పడుకుని ఉంది. ముఖంలో ఒక సగం ఎప్పటిలాగే ఉంది; రెండో సగం మరెవరిదో అన్నట్టుంది. మనవరాలిని చూడగానే కుడి కన్ను మెరిసింది.

"డూటీ...?"

"పోలేదవ్వా. నిన్ను చూస్తామని వచ్చినా."

"పనికిమాల్నదానా," అంది హనుమంతమ్మ. ముద్దగా వచ్చిన ఆ మాటలోని మురిపెం మాత్రం చెడలేదు. పద్మప్రియ నవ్వబోయి ఏడ్చింది. రాజేంద్ర తల్లి పాదాల దగ్గర నిలబడి దుప్పటి సర్దుతున్నాడు.

హనుమంతమ్మ చూపు కోడలి మీదికి మళ్ళింది. కుడిచేత్తో దగ్గరికి రమ్మంది.

"నాకేమైంది సునందా? అందరూ... ఏమీ ల్యా అంటాండారు. నువ్వు చెప్పు."

"బీపీ మా..." అంటూ అరుణజ్యోతి అందుకోబోయింది. సునంద వెనక్కి తిరిగి ఆమెను చూడలేదు. మంచానికి ఎడమవైపు వెళ్ళి కూర్చుని, కదలిక లేని ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. పట్టుకున్న సంగతి ఆ చేతికి తెలియదని ఆమెకు తెలుసు.

"పక్షవాతం అత్తా," అంది. "ఈ చెయ్యి, ఈ కాలు పడిపోయినాయి. పానానికి ఇప్పటికైతే భయం లేదన్యారు. రేపటిదాకా చూడల్లన్యారు."

హనుమంతమ్మ కళ్ళు మూసుకుంది. కుడి కంటి నుంచి నీరు చెవి దాకా జారింది. తరువాత ఆమె ఛాతీ నిండా గాలి పీల్చి వదిలింది. పొద్దుటి నుంచి ఆమె అంత లోతుగా ఊపిరి తీసుకోలేదని అరుణజ్యోతి తరువాత చెప్పింది.

"అదే అనుకొన్యా," అంది ముసలామె, ఒక్కొక్క మాటను కూడగట్టుకుంటూ. "వీళ్ళు... ఏమీ ల్యా, ఏమీ ల్యా అంటాంటే... ఒక్కదాన్నే అనుకుంటా పండుకొన్యా. భయమేసె."

"ఇంగ ఒక్కదానివి గాదు."

"నడుస్తానా?"

అవునని చెప్పడం సునందకు ఎంత తేలికో ఆ గదిలో రాజేంద్ర ఒక్కడికే తెలుసు.

"తెలీదత్తా," అంది. "ఇద్దరం చూస్తాం."

హనుమంతమ్మ కుడిచెయ్యి దుప్పటి మీదుగా మెల్లగా వచ్చి, సునంద చేతుల మీద పడింది.